ట్రైపాడ్ కొనేముందు: కార్బన్ ఫైబరా, అల్యూమినియమా?

అల్యూమినియం సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.7 గ్రాములు, కార్బన్ ఫైబర్ గొట్టాలది 1.6 దరిదాపుల్లో ఉంటుంది. అయినా ట్రైపాడ్ బరువు అంతగా తగ్గదు, ఎందుకంటే కీళ్లు, హెడ్ (కెమెరా బిగించే పై భాగం) లాంటివి రెండింట్లోనూ ఎక్కువగా లోహమే. మాన్‌ఫ్రాటో కంపెనీ 190 ట్రైపాడ్‌లో, కాళ్లు మూడు ముక్కలుగా సాగే మోడల్లో, హెడ్ లేకుండా, అల్యూమినియం రకం సుమారు 2 కిలోలు, కార్బన్ రకం 1.6. కారు దిగి నాలుగడుగులు వేసి ఫొటో తీసేవాళ్లకు ఆ 400 గ్రాముల కోసం కార్బన్‌కు అంత ఎక్కువ ధర పెట్టడం అనవసరం.

నా దృష్టిలో అసలు తేడా వణుకులో ఉంది. కార్బన్ కంపనాన్ని త్వరగా అణిచేస్తుంది. నేలపట్టు పక్షుల అభయారణ్యంలో పొడవాటి టెలిఫోటో లెన్స్‌తో, తక్కువ షట్టర్ స్పీడ్‌లో గూడబాతులను తీసేవాళ్లకు ఇది నిజంగా పనికొస్తుంది. చలికాలం తెల్లవారుజామున లంబసింగిలో అల్యూమినియం కాళ్లు పట్టుకుంటే వేళ్లు జివ్వుమంటాయి. కార్బన్‌తో ఆ బాధ చాలా తక్కువ.

దెబ్బలకు మాత్రం అల్యూమినియమే నయం. సొట్ట పడినా చాలాసార్లు పని నడుస్తుంది. కార్బన్ గొట్టం రాయికి గట్టిగా తగిలి పగిలితే మార్చాల్సిందే. విశాఖ బీచ్ గాలిలో తేలికైన ట్రైపాడ్‌కు కెమెరా బ్యాగు వేలాడదీయండి. ఉప్పునీళ్లు తగిలితే ఏ రకాన్నైనా మంచినీళ్లతో కడగాలి.

కొండలెక్కేవాళ్లు కార్బన్ కొనండి. బడ్జెట్ టైట్‌గా ఉంటే నాసిరకం కార్బన్ వద్దు, అదే డబ్బుకు మంచి అల్యూమినియం కాళ్లు, గట్టి బాల్‌హెడ్ (బంతిలాంటి కీలు మీద ఎటైనా తిరిగే హెడ్) తీసుకోండి.