ఐరోపా రాత్రి రైళ్లు: ఏ బెర్త్ తీసుకోవాలి, ఏ దారి ఎంచుకోవాలి

ఐరోపాలో రాత్రి రైలు అనగానే మనవాళ్లు ముందు చూసేది ఛార్జీ. చూడాల్సింది బెర్త్ రకం. ఒకే రైల్లో కుర్చీ, కుషెట్, స్లీపర్ అని మూడు తరగతులుంటాయి. ఎంత చవకైనా కుర్చీ వద్దు, రాత్రంతా నడుం పట్టేస్తుంది.

కుషెట్ అంటే తలుపున్న కూపేలో 4 లేదా 6 బెర్తులు. సైడ్ బెర్తులుండవు. షీటు, దిండు, దుప్పటి ఇస్తారు. ఆరుగురి కూపేలో ఇబ్బందంతా సామాన్లతోనే. కింది బెర్త్ కింద, తలుపు పైన ఉన్న చోటు నాలుగు పెద్ద సూట్‌కేసులకే నిండిపోతుంది. కొంచెం ఎక్కువైనా నలుగురి కూపే తీసుకోండి. ఆస్ట్రియా రైల్వే నడిపే నైట్‌జెట్ రాత్రి రైళ్లలో ఆడవాళ్లకు విడిగా కూపేలున్నాయి, బుకింగ్ చేసేటప్పుడే ఎంచుకోవాలి. స్లీపర్ గదిలో ఒకరి నుంచి ముగ్గురి వరకు పడుకోవచ్చు, వాష్‌బేసిన్ ఉంటుంది. డీలక్స్ అయితే షవర్, టాయిలెట్ గదిలోనే.

2016 డిసెంబరులో జర్మనీ రైల్వే తన రాత్రి రైళ్లు మానుకున్నప్పుడు వాటిలో కొన్ని దారులను ఆస్ట్రియా రైల్వే నైట్‌జెట్ పేరుతో అందుకుంది. ఇప్పుడు వియన్నా నుంచి వెనిస్, రోమ్, జ్యూరిచ్, హాంబర్గ్ ఎటైనా రాత్రికి రాత్రి చేరొచ్చు. 2023 డిసెంబరులో హాంబర్గ్–వియన్నా, హాంబర్గ్–ఇన్స్‌బ్రుక్ దారుల్లో కొత్త రైళ్లు వచ్చాయి. ఒంటరి ప్రయాణికులకు వాటిలోని మినీ క్యాబిన్ బాగుంటుంది. ఒక మనిషి పట్టే అర, దానికి జారుడు తలుపు, లోపల దీపం, ప్లగ్, అద్దం, మడత బల్ల. చేతిసంచికీ బూట్లకూ బయట చిన్న లాకర్లుంటాయి, కార్డుతో తెరుచుకుంటాయి. పెద్ద సూట్‌కేసు వాటిలో పట్టదు, బోగీలోని ర్యాక్‌లో వదలాల్సిందే. పొడగరులకు కాళ్లు చాపుకోవడం కష్టం. ఇద్దరు కలిసి వెళ్తుంటే స్లీపరే మేలు.

హాంబర్గ్‌లో బయల్దేరే ఆ రైలు న్యూరెంబర్గ్‌లో రెండుగా విడిపోతుంది, సగం వియన్నాకు, సగం ఇన్స్‌బ్రుక్‌కు. వేరే బోగీలో ఖాళీ ఉందని వెళ్లి పడుకుంటే తెల్లారేసరికి వేరే ఊళ్లో ఉంటారు. టికెట్ మీది బోగీ నంబరు చూసుకునే ఎక్కండి. నైట్‌జెట్‌లో డైనింగ్ కార్ లేదు, అటెండెంటు దగ్గర చిరుతిళ్లే. కుషెట్‌లో ఉదయం రెండు బన్నులు, జామ్, కాఫీ వస్తాయి. శాకాహారులు స్టేషన్‌లోనే ఏదైనా కొనుక్కోవాలి. ఆదివారం ఆస్ట్రియాలో ఊళ్లోని సూపర్‌మార్కెట్లు మూసేసినా వియన్నా ప్రధాన స్టేషన్‌లోనిది తెరిచే ఉంటుంది.

దృశ్యాల కోసమైతే లండన్ యూస్టన్ స్టేషన్ నుంచి స్కాట్లాండ్‌లోని ఫోర్ట్ విలియం వెళ్లే కాలెడోనియన్ స్లీపర్‌ను మించింది లేదు. ఉదయం రానక్ మూర్ బీడు మీదుగా వెళ్తుంది. గది అపరిచితులతో పంచుకోనక్కర్లేదు, ఖరీదు మాత్రం గట్టిగానే. శనివారం రాత్రి నడవదు. ఐరోపాలోని చాలా దేశాలకు ఒకటిగా ఇచ్చే షెంగెన్ వీసా బ్రిటన్‌లో చెల్లదు, అక్కడి వీసా విడిగా తీసుకోవాలి.

కుటుంబానికి ఫిన్లాండ్‌లోని హెల్సింకి–రొవానియెమి రైలు నప్పుతుంది. రెండంతస్తుల బోగీలు, పై అంతస్తు గదుల్లో షవర్, టాయిలెట్, రైల్లో రెస్టారెంటు. గది మొత్తానికి ధర కాబట్టి ఇద్దరికి చవకే.

ఇటలీలో సిసిలీ దీవికి వెళ్లే రైలును విల్లా సాన్ జొవాన్ని దగ్గర ముక్కలు చేసి ఓడలోని పట్టాల మీదికి తోస్తారు. మీరు బోగీ దిగి డెక్ మీదికెళ్లి మెస్సీనా జలసంధి చూడొచ్చు. బోగీలు పాతవే అయినా దీనికోసమే వెళ్లదగ్గ ప్రయాణం.

పాత సమాచారం నమ్మి పారిస్–వియన్నా నైట్‌జెట్ కోసం వెతక్కండి, ఫ్రాన్స్ ప్రభుత్వం ఇచ్చే సబ్సిడీ ఆగడంతో 2025 డిసెంబరులో అది ఆగిపోయింది.

ఆలస్యాలు మామూలే. పట్టాల మరమ్మతులు ఎక్కువగా రాత్రే చేస్తారు, రైలును చుట్టుదారి పట్టిస్తారు. ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారం గంట దాటితే ఛార్జీలో 25 శాతం, రెండు గంటలు దాటితే 50 శాతం అడగొచ్చు. తర్వాతి రైలుకు వేరే టికెట్ కొనుంటే అది తప్పిన నష్టం మీదే. దిగిన ఉదయమే విమానం పెట్టుకోవద్దు. చాలా ఐరోపా దేశాల రైళ్లలో చెల్లే యూరెయిల్ పాస్ ఉన్నా బెర్త్‌కు విడిగా డబ్బు కట్టి రిజర్వేషన్ చేయించుకోవాలి. అర్ధరాత్రి దాటాక రైలు మారకపోతే పాస్‌లో ఎక్కిన రోజు ఒక్కటే ఖర్చవుతుంది.