కార్నెల్ 5/8/77: అతుకు తెలియని 25 నిమిషాలు

అమెరికన్ రాక్ బ్యాండ్ గ్రేట్‌ఫుల్ డెడ్ గొప్పదా కాదా అన్న వాదనలోకి నేను పోను. 1977 మే 8న న్యూయార్క్ రాష్ట్రం ఇథాకాలో, కార్నెల్ యూనివర్సిటీ బార్టన్ హాల్లో వాళ్లు చేసిన కచేరీ గురించి ఇప్పటికే బోలెడంత రాశారు. మూడు సీడీల ఆ సెట్ నా దగ్గర ఏళ్లుగా ఉంది. ఇప్పటికీ నేను దాన్ని పెట్టేది ఒక్క చోటు కోసం. రెండో సీడీలో 'స్కార్లెట్ బిగోనియాస్' కాస్తా 'ఫైర్ ఆన్ ది మౌంటెన్' అయిపోయే చోటు అది.

రెండూ కలిపి 25 నిమిషాలు దాటుతాయి. మొదటి పాట చరణాలు అయిపోయాక పాడటం ఆగుతుంది, వాయించడం ఆగదు. రెండు పాటలకూ ఆధారం ఒకటే, 'బి'. మన హార్మోనియం లెక్కలో ఏడు శ్రుతి. రెండో పాట అంతా 'బి', 'ఎ' అనే రెండే కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుంపులు) మీద నడుస్తుంది. శ్రుతి మారదు కాబట్టి మారాల్సింది నడక ఒక్కటే. ఆ నడకను వాళ్లు ఎవరూ గుర్తుపట్టకుండా మార్చేస్తారు. వేదిక మీద ఈ జోడీ మొదటిసారి వినిపించింది అదే ఏడాది మార్చిలో. అంటే అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. అంత కొత్తదాన్ని ఇంత నింపాదిగా ఎలా వాయించారా అని ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇక నా బాధ చెప్తాను. పనిమీద తిరుపతి, చిత్తూరు మధ్య తరచూ తిరుగుతుంటాను, వినేదంతా కార్లోనే. సీడీలను ఎంపీ3 చేసి పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నాను. చంద్రగిరి దాటేసరికి వాయింపు బాగా పాకాన పడింది. జెర్రీ గార్సియా గిటార్ ఇంకా పాత పాటలోనే తిరుగుతోంది, కింద బాస్ గిటార్ నడక మారుతోంది. అంతలో టక్కుమని నిశ్శబ్దం. అరసెకను ఉంటుందేమో, అంతే. మళ్లీ మొదలైంది గానీ నాకు ఒళ్లు మండిపోయింది. ఎంపీ3 చేసేటప్పుడు ఫైలు మొదట్లో, చివర్లో కొంచెం ఖాళీ చేరుతుంది. దాన్ని కత్తిరించి కలిపి వాయించాల్సింది ప్లేయరే. నా కార్ స్టీరియో ఆ పని చెయ్యదు. సర్వీసు వాళ్లను అడిగితే "పాటకీ పాటకీ మధ్య గ్యాప్ ఉంటుంది కదా సార్" అన్నారు. సినిమా పాటలకైతే ఉండొచ్చు. ఇక్కడ ఆ గ్యాప్ లేకపోవడమే అసలు సంగతి! ఫోన్ యాప్‌లో వింటే ఇంకో తలనొప్పి. క్రాస్‌ఫేడ్ ఆన్‌లో ఉంటే మొదటి పాట చివర మీద రెండో పాట మొదలు ఎక్కేసి తాళం తప్పుతుంది. చివరికి సీడీ నుంచి వేవ్ ఫైళ్లుగా దించి, ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో రెండింటినీ ఒకటిగా కలిపి, ఆ తర్వాత ఎంపీ3 చేసుకున్నాను. ముందు కలిపి తర్వాత మార్చాలి. వరస తిరగేస్తే అతుకు వినిపిస్తుంది.

ఆ కష్టానికి ఫలితం మా చిన్నాయన వల్ల దక్కింది. ఆయన తిరుపతి ఎస్వీ సంగీత నృత్య కళాశాలలో మృదంగం నేర్చుకున్న మనిషి. రాక్ అంటే పడదు. కాణిపాకం పోతున్నప్పుడు ఏమీ చెప్పకుండా ఆ ఫైలు పెట్టాను. కాసేపు కిటికీలోంచి మామిడి తోటలు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత చూపుడు వేలు మోకాలి మీద ఆడటం మొదలైంది. "ఇద్దరు వాయిస్తా ఉండారా?" అన్నాడు. అవును, ఇద్దరు డ్రమ్మర్లు, బిల్ క్రూట్జ్‌మన్, మికీ హార్ట్. ఒకరు లెక్క పట్టి ఉంచితే ఇంకొకరు సందులు నింపుతారని ఆయనే చెప్పాడు. 'ఫైర్' పల్లవి వచ్చాక ఉలిక్కిపడి, "ఇది వేరే పాట మాదిరి ఉందే! ఎప్పుడు మారింది నాయనా? వెనక్కి పెట్టు" అన్నాడు. పెట్టాను. ఇక్కడే అని ఆయన చెయ్యెత్తిన చోటు, నేను అనుకునే చోటు కలవలేదు. దాని తర్వాతి 'ఎస్టిమేటెడ్ ప్రాఫెట్'కు మాత్రం ఎవరూ చెప్పకుండానే ఏడు లెక్క పట్టేసి, తొడ మీద తకిట తకధిమి అని మిశ్రచాపు వేశాడు.

రికార్డింగ్ చేసింది బెట్టీ కాంటర్-జాక్సన్. ఆమె చేతి టేపులున్న గోదాముకు అద్దె బాకీ పడటంతో 1986లో ఆ సామాను వేలంలో పోయింది. ఈ కచేరీని అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2011 జాతీయ రికార్డింగ్ రిజిస్ట్రీలో చేర్చినా, అధికారిక సీడీ వచ్చింది మాత్రం 2017లో. టేపు వేగంలోని ఒడుదుడుకులను సరిచేశారు. ఫిల్ లెష్ బాస్‌లో ప్రతి స్వరమూ విడిగా వినబడుతుంది.

అయితే శబ్దం ఇంత శుభ్రంగా ఉండటంతో ఒక లోటు కూడా వచ్చింది. మిక్సింగ్ బోర్డు నుంచి నేరుగా తీసింది కాబట్టి జనం ఎక్కడో దూరంగా ఉంటారు, హాల్లో కూర్చున్నట్టు అనిపించదు. అన్నీ రెండు ట్రాకుల్లోనే కలిసిపోయిన టేపు కావడంతో ఇప్పుడు ఏ గొంతునూ విడిగా తగ్గించలేరు. కొన్నిచోట్ల కోరస్ నాకు చెవిలో గుచ్చుకుంటుంది. మొదటి సీడీ మీద నాకున్న మోజు కూడా తగ్గింది. అందులో ఎక్కువ పొట్టి పాటలే, బాగానే పాడారు, కానీ ఈ బ్యాండ్ దగ్గరికి నేను వచ్చింది వాటికోసం కాదు. మూడో సీడీలో 'మార్నింగ్ డ్యూ' చివరి నిమిషాలు మాత్రం ఎప్పుడు విన్నా గుండె పట్టేస్తాయి.

కొనమంటారా అని అడిగితే, నాకైతే పెట్టిన డబ్బు గిట్టింది. నాకు పొడుగాటి రోడ్డుంది, పక్కన మాట్లాడేవాళ్లుండరు, చిన్నప్పటి నుంచి చిన్నాయన మృదంగం విన్న చెవి ఉంది. ఇంట్లో టీవీ మోగుతుండగా ముక్కలు ముక్కలుగా వినేవాళ్లకు నచ్చుతుందని చెప్పలేను. ముందు ఆ రెండు పాటలూ ఎక్కడైనా కలిపి వినండి, క్రాస్‌ఫేడ్ ఆపేసి.