ఇండికేటరు కుడిచేతికా, ఎడమచేతికా? గట్టు రోడ్లకు ఏది మేలు?

కారు మార్చుదామనుకుంటున్న వాళ్లు ఈ మధ్య నన్ను తరచుగా ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "షోరూం గేటు దాటి ఇండికేటరు వేద్దామని లీవరు కదిపితే ఎర్రటి ఎండలో వైపర్లు ఆడాయండీ" అని కొందరు నవ్వుతూ మొదలుపెడతారు, ఇంకొందరు సూటిగా "ఎటువైపు లీవరున్న బండి తీసుకోమంటారు?" అనే అడుగుతారు. పద్నాలుగు నెలల పాటు ఈ రెండు రకాల కార్లనూ ఒకే పాకలో పెట్టుకొని, అంబాజీపేట, అమలాపురం, రావులపాలెం దారుల్లో మార్చి మార్చి నడిపిన వాణ్ని కాబట్టి నా అభిప్రాయం చెప్పడానికి నాకు కొంత అర్హత ఉందనుకుంటాను. ఒకటి నా సొంత కారు, దానికి ఇండికేటరు కుడివైపు. రెండోది మా తమ్ముడు విదేశానికి వెళుతూ నా దగ్గర వదిలిన కారు, దానికి ఎడమవైపు. రెండూ గేర్ల బళ్లే.

మన దేశంలో మారుతి, హ్యుందాయ్, టాటా, మహీంద్రా, టొయోటా, హోండా, కియా కార్లలో ఇండికేటరు సాధారణంగా స్టీరింగుకు కుడివైపు, వైపరు ఎడమవైపు ఉంటాయి. ఫోక్స్‌వాగన్, స్కోడా కార్లలోనూ, జర్మనీ నుంచి వచ్చే ఖరీదైన బళ్లలోనూ ఇది తారుమారవుతుంది. హెడ్‌లైటును ఎక్కువ తక్కువ చేయడానికి, ఎదుటివాడికి క్షణం మెరిపించడానికి వాడే డిప్పరు కూడా ఇండికేటరు లీవరులోనే ఉంటుందన్న సంగతి చాలామంది ఈ చర్చలో మరిచిపోతారు. నా లెక్కలో అసలు తగవు ఇండికేటరు గురించి కాదు, ఆ డిప్పరు గురించే.

ఈ తేడా ఎక్కడ పుట్టిందో తెలిస్తే మిగతాది సులభంగా అర్థమవుతుంది. స్టీరింగు ఎడమవైపు ఉండే దేశాల్లో గేరు కుడిచేతి పని, కాబట్టి ఖాళీగా ఉన్న ఎడమచేతికి, అంటే కిటికీ పక్క చేతికి, ఇండికేటరు అప్పగించారు. అదే తర్కాన్ని అద్దంలో చూసినట్టు తిప్పితే, కుడివైపు కూర్చుని ఎడమచేత్తో గేరు మార్చే మనకు ఇండికేటరు కుడివైపు రావాలి. జపాను వాళ్లు తమ కార్లను అలాగే తయారు చేసుకున్నారు. బ్రిటన్‌లో కూడా 1970ల దాకా చాలా కార్లకు ఇండికేటరు కుడివైపే ఉండేది. ఆ తరువాత ఒకే నమూనాను రెండు రకాల దేశాలకూ అమ్మే పద్ధతి బలపడినప్పుడు, యూరపు కంపెనీలు స్టీరింగును, పెడళ్లను కుడివైపుకు జరిపినా లీవర్ల అమరికను మాత్రం ఉన్నదున్నట్టే ఉంచేశాయి. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 4040 కూడా ఎడమవైపు ఇండికేటరునే చెబుతుంది. ఇక్కడ ఇండికేటరు కుడివైపు ఉండే సుజుకి స్విఫ్టునే బ్రిటన్‌లో అమ్మేటప్పుడు ఎడమవైపు పెట్టి అమ్ముతారు. అంటే ఎడమవైపు లీవరు అన్నది కుడి స్టీరింగు డ్రైవరు సౌకర్యాన్ని ఆలోచించి పెట్టింది కాదు, ఖర్చు కలిసొచ్చి మిగిలిపోయింది.

దీనికి మన ఇళ్లలోనే ఒక సాక్ష్యం ఉంది. పాత బజాజ్ చేతక్ స్కూటరు నడిపిన వారికి గుర్తుండే ఉంటుంది, గేరు ఎడమచేతి పిడిలో ఉండేది కాబట్టి హారను, లైటు మీటలు కుడిచేతి పక్కన ఉండేవి. మోటారుసైకిలుకు గేరు కాలి కిందికి పోయింది, కుడిచేయి యాక్సిలరేటరుకు కట్టుబడింది, కాబట్టి ఇండికేటరు, డిప్పరు, హారను అన్నీ ఎడమ బొటనవేలి దగ్గరకు చేరాయి. ఏ చేతికి పని తక్కువుంటే ఆ చేతికి మీటలు ఇవ్వడమే రెండింటిలోనూ కనిపిస్తుంది. అంబాసిడరు కారులో ఇది ఇంకో మెట్టు ముందుకెళ్లింది. స్టీరింగు కింద ఎడమవైపు గేరు రాడ్డు, నేల మీద క్లచ్చు పక్కన ఎడమకాలితో నొక్కే డిప్పరు. రెండు చేతులకూ పని ఉన్నా లైటు మార్చవచ్చు, కాకపోతే క్లచ్చు తొక్కి ఉన్నప్పుడు ఆ కాలికి అవకాశం ఉండదు.

ఇప్పుడు మన రోడ్ల దగ్గరకు వస్తాను. బొబ్బర్లంక దగ్గర బ్యారేజీ దిగి, ఆత్రేయపురం మీదుగా లొల్ల లాకుల వైపు కాలువ గట్టు వెంట ఒక్కసారైనా రాత్రిపూట నడిపిన వారికి నేను వివరించాల్సిన అవసరం లేదు. పక్కన నిండుగా పారే కాలువ, ఇవతల నిలువెత్తు లోతులో వరి చేను, మధ్యలో రెండు బళ్లు ఒదిగి ఒదిగి తప్పుకోవలసినంత రోడ్డు. అడ్డుగా వంతెన వస్తుంది, గట్టు మీద నుంచి వంతెన మీదికి దాదాపు లంబకోణంలో తిరగాలి, తిరుగుతూనే ఎక్కాలి, ఎక్కేటప్పుడు అవతలి నుంచి వచ్చేది కనిపించదు. అటు నుంచి వచ్చేది సైకిలు కావచ్చు, గడ్డి మోపులతో రోడ్డంతా ఆక్రమించిన ట్రాక్టరు కావచ్చు, కొబ్బరికాయల లారీ కావచ్చు. ఆ మలుపులో బండి వేగం తగ్గించి, రెండో గేరులోకో మొదటి గేరులోకో దించి, "నేను వస్తున్నాను, ఆగు" అని అవతలి వాడికి డిప్పరు కొట్టాలి. ఇవన్నీ రెండు మూడు క్షణాల్లో, ఒకదాని మీద ఒకటి పడి జరిగే పనులు.

కుడివైపు లీవరున్న బండిలో ఇది ఆలోచించకుండానే జరిగిపోతుంది. ఎడమచేయి గేరు రాడ్డు మీద ఉంటుంది, కుడి అరచేయి స్టీరింగును వదలదు, వేళ్లు మాత్రం చాచి లీవరును తనవైపు లాగితే లైటు మెరుస్తుంది. ఎడమవైపు లీవరున్న బండిలో ఒకే ఎడమచేయి రెండు పనులకూ పోటీ పడుతుంది. గేరు దించడం ముందా, డిప్పరు ముందా అని తేల్చుకోవాలి, గేరు దించి చేయి పైకి తెచ్చేసరికి వంతెన శిఖరం వచ్చేస్తుంది, లేదా ముందే డిప్పరు కొట్టి చేయి కిందికి తెచ్చేసరికి బండి మూడో గేరులో మూలుగుతూ ఉంటుంది. పగటిపూట ఇది చికాకు మాత్రమే. వాన పడుతున్న రాత్రి, గట్టు అంచు మట్టి మెత్తబడి ఉన్నప్పుడు, నాకు మాత్రం అది చికాకుగా అనిపించదు.

దీనికి తోడు, అలవాటు మార్చుకునే వారికి ఒక ప్రమాదం ఉంది, దాని గురించి ఎవరూ చెప్పగా నేను వినలేదు. ఇండికేటరు లీవరును తనవైపు లాగితే లైటు మెరుస్తుంది, వైపరు లీవరును తనవైపు లాగితే అద్దం మీద నీళ్లు చిమ్ముతాయి. లాగే తీరు ఒకటే, ఫలితం వేరు. తమ్ముడి కారు నా దగ్గరకు వచ్చిన మూడో వారం, అప్పటికి చేయి అలవాటు పడిందని నేననుకుంటున్న రోజుల్లో, రాత్రి తొమ్మిదింటి ప్రాంతంలో ఎదురుగా రెండు హెడ్‌లైట్లు హఠాత్తుగా మలుపు తిరిగి వచ్చాయి. నా కుడిచేయి పాత అలవాటుగా లాగింది. కోతల కాలం, అద్దం నిండా దుమ్ము, అంటుకొని చచ్చిన పురుగులు, వాటి మీద నీళ్లు పడి వైపరు ఒక్కసారి తిరిగేసరికి ఎదుటి వెలుగంతా అద్దం మీద తెల్లటి తెరలా పరుచుకుంది. ఆ ఒక్క క్షణం నాకు రోడ్డు లేదు. బండి ఆపగలిగాను, అవతలివాడు కూడా ఆపాడు, ఇద్దరం ఒకరినొకరం ఏమీ అనుకోకుండా తప్పుకున్నాం. మామూలు మలుపుల్లో రెండు వారాల్లో చేయి మారుతుందన్న మాట నిజమే, కానీ గుండె ఝల్లుమన్న క్షణంలో చేయి పదేళ్ల పాత పాఠాన్నే అప్పజెబుతుంది.

ఎడమవైపు లీవరును సమర్థించేవారి వాదనలు తేలికైనవి కావు. మొదటిది, బలమైన కుడిచేయి ఎప్పుడూ స్టీరింగును వదలకుండా ఉంటుంది, చిల్లర పనులన్నీ ఎడమచేయి చూసుకుంటుంది అంటారు. రెండోది, సిగ్నలు ముందు, గేరు తరువాత అన్న క్రమాన్ని ఆ అమరికే నేర్పుతుంది అంటారు. పెద్ద రోడ్డు మీద నేను దీన్ని ఒప్పుకుంటాను. రావులపాలెం దగ్గర జాతీయ రహదారి ఎక్కి తణుకు వైపు వెళుతుంటే, వరస మారడానికి అర ఫర్లాంగు ముందే ఇండికేటరు వేసే తీరిక ఉంటుంది, అక్కడ ఎడమవైపు లీవరు వల్ల నాకు ఒక్కసారి కూడా ఇబ్బంది కలగలేదు. మూడోది, మోటారుసైకిలు మీద నుంచి కారులోకి వచ్చే కుర్రవాళ్లకు ఎడమ బొటనవేలికి ఇండికేటరు అలవాటే కదా అన్నది. వినడానికి బాగుంది గానీ, బొటనవేలితో మీట జరపడం, వేళ్లతో లీవరు లాగడం ఒకటి కావు, మా అబ్బాయి బైకు నుంచి కారుకు మారినప్పుడు ఏ వైపు లీవరైనా కొత్తగానే నేర్చుకున్నాడు.

అన్నిటికన్నా గట్టి వాదన బ్రిటన్‌ది. అక్కడ కూడా స్టీరింగు కుడివైపే, గేర్ల బళ్లు దండిగా ఉన్నాయి, పల్లె రోడ్లు ఇరుకే, అయినా ఎడమవైపు లీవరుతో వాళ్లు హాయిగా నడుపుతున్నారు కదా అని మా తమ్ముడే ఫోనులో నన్ను నిలదీశాడు. తేడా లైటు అర్థంలో ఉంది. అక్కడి ట్రాఫిక్ నియమావళి, ఎదుటివారికి మీ ఉనికి తెలియజేయడానికి తప్ప లైటు మెరిపించవద్దంటుంది, అయినా ఆచరణలో వాళ్లు "మీరు వెళ్లండి" అని దారి ఇవ్వడానికి మెరిపిస్తారు. ఆగి, తీరికగా, మర్యాదగా కొట్టే డిప్పరు అది, ఏ చేత్తో కొట్టినా ఒకటే. మనది "నేను ఆగలేను, నువ్వు ఆగు" అని కదులుతూ కొట్టే డిప్పరు. ఇది మంచి పద్ధతి అని నేననడం లేదు, కానీ గట్టు మీద ఎదురయ్యే లారీ డ్రైవరు ఈ భాషలోనే మాట్లాడతాడు, మనమూ అదే భాషలో సమాధానం చెప్పాలి.

ఆటోమేటిక్ గేరున్న కారైతే నా వాదనలో సగం బలం పోతుంది. ఎడమచేయి ఖాళీగా ఉంటుంది కాబట్టి లీవరు ఎటున్నా ఫరవాలేదు, కరెంటు కార్లకూ ఇదే వర్తిస్తుంది. కాకపోతే మెర్సిడెస్ ఆటోమేటిక్ కార్లు చాలావాటిలో గేరు లీవరు స్టీరింగుకు కుడివైపే, సన్నగా, అచ్చం ఇండికేటరులా ఉంటుంది. కుడివైపు ఇండికేటరుకు అలవాటుపడిన యాక్టింగ్ డ్రైవరుకు, అంటే ఒక పూటకో రోజుకో కిరాయికి పిలుచుకునే డ్రైవరుకు, అలాంటి బండి తాళాలు ఇచ్చేటప్పుడు ఆ సంగతి ముందే చెప్పాలి.

టెస్లా 2023లో మోడల్ 3 కారుకు లీవరే తీసేసి స్టీరింగు మీద మీటలు పెట్టింది. స్టీరింగు తిరిగినప్పుడల్లా మీట కూడా తిరిగిపోయే ఏర్పాటు మన లంబకోణపు వంతెనలకు పనికిరాదు, అంతకు మించి దాని గురించి చెప్పడానికేమీ లేదు. ఏసీని తెర మీద వేలితో మార్చే కార్ల గురించి కూడా కొందరు అడుగుతున్నారు. సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున పొగమంచుకు లోపలి అద్దం మసకబారినప్పుడు చూడకుండా తిప్పగలిగే గుండ్రటి మీట ఉన్న బండే నాకిష్టం. పాటల శబ్దం పెంచే మీట కొన్ని కార్లలో తెరకు ఎడమ అంచున, డ్రైవరుకు దూరంగా ఉండిపోతుంది, హ్యాండ్‌బ్రేకు కొన్నిటిలో పక్క సీటుకు దగ్గరగా ఉంటుంది. అవి రోజూ కాస్త చిరాకు పెడతాయి తప్ప ప్రమాదం తెచ్చేవి కావు. పెట్రోలు మూత ఎటుందో మీటరు పక్కన బాణం గుర్తు చెబుతుంది.

తమ్ముడు తిరిగి వచ్చి తన కారు తీసుకెళ్లాక నేను పాతది ఇచ్చేసి కుడివైపు లీవరున్న గేర్ల బండే మళ్లీ తీసుకున్నాను. ఎడమవైపు లీవరున్న ఆ కారు తలుపు మూసిన చప్పుడు, హైవే మీద అది కుదురుగా నిలబడే తీరు నాకు బాగా నచ్చాయి, ధర కూడా అందుబాటులోనే ఉంది, అయినా వదులుకున్నాను. మా ఆవిడ అమలాపురం ఆఫీసుకు వెళ్లిరావడానికి వచ్చే ఏడాది ఒక ఆటోమేటిక్ తీసుకోవాలనుకుంటున్నాం. దానికి లీవరు ఎటున్నా తనకు ఇబ్బంది లేదు. కానీ రాత్రిపూట అత్యవసరంగా నా చేతికి ఏ తాళం దొరుకుతుందో చెప్పలేం కాబట్టి, దానికీ కుడివైపే చూడమని డీలరుకు చెప్పి ఉంచాను.