పుషింగ్ ది ఎలిఫెంట్: శత్రువును క్షమించిన తల్లి, దూరంగా పెరిగిన కూతురు

బెత్ డావెన్‌పోర్ట్, ఎలిజబెత్ మాండెల్ కలిసి తీసిన ‘పుషింగ్ ది ఎలిఫెంట్’ 2010లో వచ్చిన డాక్యుమెంటరీ. యుద్ధంలో సర్వం కోల్పోయిన ఒక కాంగో తల్లి తన శత్రువులను క్షమించిన కథ అని విని చూడడం మొదలుపెట్టాను. ఆ కథ ఇందులో ఉన్నమాట నిజమే గానీ, చిత్రం పూర్తయ్యాక నన్ను వదలనిది మాత్రం ఆ తల్లికీ, ఆమె కూతురికీ మధ్య మిగిలిపోయిన దూరం.

రోజ్ మాపెండో తూర్పు కాంగోలోని బన్యములెంగే సమూహానికి చెందిన స్త్రీ; వీళ్లు పొరుగున ఉన్న రువాండాలోనూ కనిపించే టుట్సీ జాతివారు. 1997లో రువాండా అండతో కాంగో అధ్యక్షుడిగా గద్దెనెక్కిన లారెంట్ కబిలా మరుసటి ఏడాదే ఆ దేశంతో తెగతెంపులు చేసుకోవడంతో, 1998 ఆగస్టులో రెండో కాంగో యుద్ధం మొదలైంది. తరతరాలుగా ఆ నేలమీదే బతుకుతున్నా, టుట్సీలు కావడంతో బన్యములెంగేలు శత్రువైన రువాండా మనుషులుగా ముద్రపడ్డారు. రోజ్ కుటుంబాన్ని సైనికులు నిర్బంధించారు, భర్తను చంపారు. అప్పటికే గర్భవతి అయిన ఆమె ఆ నిర్బంధంలోనే కవలలను కని, ఆ బిడ్డలకు తమను బంధించిన అధికారుల పేర్లు పెట్టింది.

ఈ ఒక్క సంగతి దగ్గర ఎంతసేపైనా ఆగవచ్చు. భర్తను పొట్టన పెట్టుకున్న వాళ్ల పేర్లతో కన్నబిడ్డలను పిలవడాన్ని క్షమ అనాలా, మిగిలిన పిల్లల ప్రాణాలు దక్కించుకోవడానికి ఒక తల్లి వేసిన ఎత్తు అనాలా? రెండూ ఒకటేనేమో అనిపిస్తుంది. ద్వేషానికి చోటిస్తే పిల్లలు దక్కని పరిస్థితిలో క్షమ అనేది ధర్మపన్నాల మాట కాదు, ఆ పూట గడవడానికి కావలసిన పని. చిత్రం దీనిని గొప్ప ఆత్మ ఔన్నత్యంగా చూపడానికే మొగ్గింది. అందులోని భయాన్నీ, లెక్కనూ మరికొంత తరచి చూసి ఉంటే రోజ్ గొప్పతనం తగ్గేది కాదు, పెరిగేది.

పదిమంది పిల్లల్లో తొమ్మిదిమందితో బయటపడి ఆమె అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, ఫీనిక్స్ నగరంలో స్థిరపడింది. యుద్ధం వచ్చిననాడు విడిపోయిన అయిదేళ్ల కూతురు మాత్రం ఆఫ్రికాలోనే ఉండిపోయి, పదేళ్లు దాటాక తల్లిని చేరింది. నా దృష్టిలో అసలు చిత్రం ఇక్కడే మొదలవుతుంది. తన వాళ్లను చంపినవారిని క్షమించానని సభల్లో చెప్పగల తల్లి, తాను లేకుండా పెరిగిన కూతురి ముందు ఏం చెప్పాలి? ఆ అమ్మాయి చదువు, భాష, కొత్త తోబుట్టువుల మధ్య ఆమె చోటు, ఇవన్నీ కెమెరా ఏ హడావుడీ లేకుండా చూపుతుంది. మరోవైపు శరణార్థుల తరఫున మాట్లాడడానికి రోజ్ ఊళ్లు తిరుగుతూనే ఉంటుంది. పదేళ్లు ఎదురుచూసి వచ్చిన కూతురికి తల్లిని మళ్లీ లోకంతో పంచుకోవలసి వస్తుంది. ఇందులో ఎవరిదీ తప్పు కాదు కనుకే చూడడం కష్టమవుతుంది.

ఏనుగును ఒక్కరే నెట్టలేరు, నలుగురూ కలిస్తే కదులుతుంది అని రోజ్ చెప్పే మాట నుంచి పేరు వచ్చింది. పేరు బాగుంది. అయితే ఏనుగు ఎలా వచ్చి కూర్చుందో చిత్రం వివరంగా చెప్పదు. కబిలా ఎవరు, 1994లో రువాండాలో టుట్సీల ఊచకోత తరువాత సరిహద్దు దాటిన, ఆ ఊచకోతలో పాలుపంచుకున్న హుటూ జాతి సాయుధులు తూర్పు కాంగోను ఎలా మార్చారు అన్నది ముందుగా కొంత చదువుకుని కూర్చుంటే మంచిది. సభల్లోని ప్రసంగాలు కూడా కొన్ని తగ్గించి ఉండవచ్చు. ఒకసారి విన్నప్పుడు కదిలించిన మాట పదేపదే వింటే పదును కోల్పోతుంది. ఆ నిమిషాలను కూతురికి ఇచ్చి ఉంటే బాగుండేది. తల్లి క్షమ గురించి ఆమెకేమనిపిస్తుందో, తనను క్షమించమని ఎవరైనా ఎప్పుడైనా ఆమెను అడిగారో లేదో తెలుసుకోవాలని నాకు చివరిదాకా ఉంది.