ఫెర్న్‌లకు కోకోపీట్ ఇటుక: నల్గొండ నీళ్లతో వాడి చూస్తే

650 గ్రాముల కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఇటుక నాలుగు లీటర్ల నీళ్లలో నానితే దాదాపు ఎనిమిది లీటర్లకు పొంగుతుంది. పొడి సన్నగా, మెత్తగా ఉంది, బోస్టన్ ఫెర్న్ వేళ్లకు అదే కావాలి. లోటల్లా ఉప్పు. కవరు మీద కడిగిందని రాసి ఉన్నా, పిండిన నీళ్లు నాలుకకు ఉప్పగానే తగిలాయి. గోనెసంచిలో పోసి మూడుసార్లు కడిగి పిండాకే వాడండి. నీళ్ల రంగు తేలినంత మాత్రాన ఉప్పు పోయినట్టు కాదు.

దీనికి మన బోరు నీళ్లు తోడైతే కష్టమే. అందులోని ఉప్పులు, ఫ్లోరైడ్ ఆకు కొసలకు చేరి గోధుమరంగులో మాడుస్తాయి. నీళ్లు చాలలేదనుకుని చాలామంది ఇంకా పోస్తారు, అప్పుడు వేళ్లు కుళ్లుతాయి. పట్టిపెట్టిన వాననీళ్లే మేలు.

ఒట్టి కోకోపీట్‌లో బలం ఉండదు. రెండు పాళ్ల కోకోపీట్‌కు ఒక పాలు వర్మీకంపోస్టు, ఒక పాలు పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళికలు) కలపండి. మే నెలలో కుండీని తూర్పు వరండాలో, తడి ఇసుక పోసిన పళ్లెం మీద ఉంచాలి. అన్నట్టు, ఆకు అడుగున అంచు వెంట వరసగా గోధుమ చుక్కలు కనిపిస్తే పురుగుమందు కొట్టకండి. అవి సిద్ధబీజాల గుంపులు, ఫెర్న్‌కు విత్తనాల బదులు ఉండేవి.

కడిగే ఓపికుంటే కొనొచ్చు. ఐదుకు మూడున్నర మార్కులు.