బిందెలకు కండువాలు: ఎన్నికల మీమ్‌లు చేసిచ్చిన ఒక దుకాణం గురించి

2024 మే 13 నాటి ఎన్నికలకు ముందు, మా కాలనీ నీటి ఎద్దడిని అభ్యర్థులందరి దృష్టికీ తేవాలని, తిరుపతిలో ఫ్లెక్సీలతో పాటు మీమ్‌లు కూడా తయారుచేసే ఒక దుకాణానికి మా సంక్షేమ సంఘం తరఫున పది మీమ్‌ల పని అప్పగించాను. మూడు వేల రూపాయలు ముందే చెల్లించాము.

వాటిలో ఒకటి ఇప్పటికీ మా వాళ్ల ఫోన్లలో ఉంది. ట్యాంకరు కోసం వరుసలో పెట్టిన మూడు ప్లాస్టిక్ బిందెలకు మూడు పార్టీల రంగుల కండువాలు కప్పి, కింద ‘మా మద్దతు ట్యాంకరుకే’ అని రాశారు. ఎవరినీ పేరు పెట్టి అనలేదు గనుక, మూడు పార్టీల వాళ్లూ అది ఎదుటివారికే తగులుతుందంటూ తమ తమ వాట్సాప్ గ్రూపుల్లో పంచుకున్నారు. తోలుబొమ్మలాటలో కేతిగాడు ఊరి సంగతి ఎత్తిపొడిచినప్పుడు ఎవరికి వారు పక్కవాడిని చూసి నవ్వినట్టే ఉంది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి బిందెతో నిలబడిన వారికి అందులో తమ విసుగు కనబడింది. ఆ విసుగు లేకుంటే అంత నవ్వూ వచ్చేది కాదని నా అభిప్రాయం.

మిగిలిన వాటిలో ఎక్కువ భాగం బ్రహ్మానందం ముఖకవళికల మీద ఆధారపడ్డవే. ఆ ముఖం చూడగానే నవ్వు వస్తుంది, నిజమే. కాని అది ఆయన నవ్వించిన నవ్వు, నీళ్ల గొడవ పుట్టించినది కాదు. అదే బొమ్మను ఉల్లిపాయల ధరకూ, క్రికెట్ ఓటమికీ అంతకుముందే చూసి ఉన్నందున, పైనున్న రెండు పంక్తులు చదివేవారే తక్కువ. ఒకరి నుంచి మరొకరికి నకలవుతూ సాగే భావానికి 1976లో జీవశాస్త్రవేత్త రిచర్డ్ డాకిన్స్ మీమ్ అని పేరు పెట్టారు. ఇక్కడ మాత్రం ముఖమే నకలవుతోంది, భావం మిగలడం లేదు.

ఒకదానిపై నాకు గట్టి అభ్యంతరం ఉంది. ఒక అభ్యర్థి నత్తిని వెక్కిరిస్తూ చేసి పంపారు. ‘కోపం వస్తేనే కదండీ షేర్ చేస్తారు’ అని డిజైనర్ కుర్రాడు వాదించాడు. కోపం త్వరగా పాకుతుందంటే కాదనను, కాని అది నీళ్ల సంగతి వదిలి మనిషి మీదికి మళ్లుతుంది. దాన్ని మేము వాడలేదు. దాని బదులు మరొకటి చేసి ఇవ్వమన్నా ఇవ్వలేదు.

అక్షరాల విషయంలోనూ శ్రద్ధ చాలదు. ఒకచోట ‘అభ్యర్థి’లో ఒత్తు విడిపోయి పక్కన పడింది, చమత్కారానికి నవ్వవలసినవారు దాన్ని చూసి నవ్వారు. పోలింగు ముగిసే సమయానికి 48 గంటల ముందే ప్రచారం ఆగుతుందని తెలిసినా, చివరి రెండు మీమ్‌లు మే 11 రాత్రికి గాని చేతికి రాలేదు.

ఇక్కడ పని ఇవ్వదలచినవారు తమ వీధి ఫొటోలు తామే తీసి ఇవ్వడం మేలు. బిందెల ఫొటో మా మేడ మీది నుంచి నేను తీసినదే. ‘మా మద్దతు’ అన్న మాట మాత్రం ఆ కుర్రాడిదే.