పర్లాకిమిడి ఆదివారం చరిత్ర క్లాసు: ఎనిమిది వారాలు వెళ్లొచ్చాక

మాది ఒడిశాలోని కాశీనగర్. రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను, మిగతా టైములో ఓపీఎస్సీకి, అంటే ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాల పరీక్షకి, చదువుకుంటాను. పర్లాకిమిడిలో రిటైరైన ఒక లెక్చరర్ గారు తమ ఇంటి మేడ మీద ఆదివారాలు ప్రపంచ చరిత్ర చెప్తారని తెలిసి ఈ బ్యాచ్‌లో చేరాను. ఎనిమిది ఆదివారాలు, ఫీజు 1,200 రూపాయలు. ఈసారి ఆయన తీసుకున్నది ఒకటే విషయం: కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన అమెరికాలో బ్యాంకు మీద పార్టీలు దాదాపు 50 ఏళ్లు పడిన గొడవ. పరీక్షకి ఇంత లోతు అక్కర్లేదని మిల్లులో అందరూ అన్నారు. నేను మాత్రం ఒక్క వారం కూడా మానలేదు.

ముందు భాష సంగతి చెప్పాలి. నేను పదో తరగతి దాకా ఒడియా మీడియం. తెలుగు రాయడం అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నాను. మాస్టారు తెలుగులో చెప్తారు, ఒడియా పిల్లలు తలెత్తి చూస్తే అదే మాట ఒడియాలో మళ్లీ చెప్తారు. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో, ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో ఇంత పెద్ద విషయం వినడం నాకు చాలా సంతోషంగా అనిపించింది. నోట్సు ఇంగ్లీషులో ఇస్తారు, అది పరీక్షకి పనికొస్తుంది.

మొదటి వారమే బోర్డు మీద రెండు గళ్లు గీశారు, ఒకవైపు జమ, ఒకవైపు ఖర్చు. యుద్ధం అప్పులతో ఉన్న దేశానికి ఖజానా మంత్రి హామిల్టన్ ఒక జాతీయ బ్యాంకు కావాలన్నాడు. మూలధనం కోటి డాలర్లు, అందులో ఐదో వంతు ప్రభుత్వానిది, చార్టర్ (నడపడానికి ఇచ్చే అనుమతి పత్రం) గడువు 20 ఏళ్లు. రాజ్యాంగంలో బ్యాంకు అన్న మాటే లేదు, కాబట్టి ఈ అధికారం కాంగ్రెస్‌కి (అక్కడి పార్లమెంటుకి) లేదని విదేశాంగ మంత్రి జెఫర్సన్ అధ్యక్షుడు వాషింగ్టన్‌కి రాసిచ్చాడు. హామిల్టన్ దానికి జవాబు రాశాడు. వాషింగ్టన్ రెండూ చదివి 1791 ఫిబ్రవరి 25న సంతకం పెట్టాడు. అప్పటిదాకా ఒకే గదిలో కూర్చున్న మంత్రులు ఇలాంటి గొడవల వల్లే రెండు వర్గాలయ్యారు, ఆ వర్గాలే ఫెడరలిస్టులు (హామిల్టన్ వైపు), రిపబ్లికన్లు (జెఫర్సన్ వైపు, ఇప్పటి రిపబ్లికన్ పార్టీ కాదు) అనే పార్టీలయ్యాయి. రాజ్యాంగం రాసినవాళ్లు అసలు పార్టీలే వద్దనుకున్నారని మాస్టారు చెప్పినప్పుడు నేను పెన్ను ఆపేసి విన్నాను.

రెండో వారం న్యూయార్క్ కథ. ఊళ్లో మంచినీళ్లు సరిగా లేవు, ఎల్లో ఫీవర్ అనే జ్వరంతో జనం చనిపోతున్నారు. 1799లో రిపబ్లికన్ నాయకుడు ఏరన్ బర్ నీళ్లు సరఫరా చేస్తానని ఒక కంపెనీకి చార్టర్ తెచ్చుకున్నాడు. మిగులు డబ్బుని వేరే వ్యవహారాల్లో వాడుకోవచ్చని అందులో ఒక ముక్క రాయించాడు. ఆ ముక్క పట్టుకుని అదే ఏడాది బ్యాంకు తెరిచాడు, ఎందుకంటే అప్పటికి ఊళ్లో ఉన్న రెండు బ్యాంకులూ ఫెడరలిస్టుల చేతిలో ఉన్నాయి. నీళ్లకోసం చెక్క దుంగలు తొలిచి గొట్టాలు వేశారు గానీ ఊరికి సరిపడా నీళ్లు రాలేదు. ఎండాకాలం బిందెలు పట్టుకుని నిలబడినదాన్ని కాబట్టి ఆ కథ నాకు ఇంకా కోపం తెప్పిస్తోంది.

ఈ క్లాసు గురించి ఒక్కటే చెప్పమంటే మూడో వారం గురించి చెప్తాను. మా పద్నాలుగు మందికీ తలో ఊరు ఇచ్చారు: పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ, మోహన, ఇలా. ఒక్కొక్కరూ తమ ఊరి బ్యాంకు పేరుతో పది రూపాయల చీటీలు పది రాసుకోవాలి, వాటితో పక్కవాళ్ల దగ్గర పెన్సిళ్లు, చాక్లెట్లు కొనాలి. కాశీనగర్ చీటీని పర్లాకిమిడి అబ్బాయి తొమ్మిదికి తీసుకున్నాడు. రాయగడ అమ్మాయి ఎనిమిదన్నా ఇవ్వనంది. మోహన చీటీ ఎవరూ చూసింది కాదు కాబట్టి ఆరుకే పోయింది. “ఏమ్మా, లెక్కలు రాసేదానివి, నీ దగ్గర ఎంతుందో చెప్పు” అన్నారు మాస్టారు. చీటీల మీద 100 ఉంది, మార్చితే 81 వచ్చింది. అమెరికాలో రాష్ట్రాల బ్యాంకులు ఎవరి నోట్లు వాళ్లు అచ్చు వేసుకున్న రోజుల్లో వ్యాపారులు ఇదే పడ్డారు. బ్యాంకు ఎంత దూరమైతే నోటుకి అంత కోత.

తర్వాత ఒకరిని పెద్ద బ్యాంకుగా నిలబెట్టారు. పన్నుల కింద అందరి చీటీలూ ఆమె దగ్గరికి చేరతాయి. ఆమె వాటిని పట్టుకెళ్లి ఏ ఊరి చీటీకి ఆ ఊరి వాడినే నాణేలు అడగాలి. గుణుపురం అబ్బాయి డబ్బాలో ఉన్నవి నాలుగే నాణేలు. వాడి మొహం చూసి నాకు మొత్తం అర్థమైంది. మొదటి జాతీయ బ్యాంకు గడువు తీరిపోయాక, 1816లో మూడున్నర కోట్ల డాలర్ల మూలధనంతో వచ్చిన రెండో జాతీయ బ్యాంకు చేసిన పని ఇదే. చిన్న బ్యాంకులు ఇష్టం వచ్చినన్ని నోట్లు వేయకుండా పట్టి ఉంచింది, అందుకే వాళ్లకి కంట్లో నలుసైంది.

మాస్టారు ఒక పక్షం తీసుకోరు, నాకు బాగా నచ్చింది అదే. రెండో బ్యాంకుని పొగిడిన గంటలోనే బాల్టిమోర్ బ్రాంచి సంగతి చెప్పారు. మేరీలాండ్ రాష్ట్రం ఆ బ్రాంచి మీద పన్ను వేస్తే 1819లో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ అది చెల్లదన్నాడు. ఆ కేసులో పేరున్న మెకల్లక్ ఆ బ్రాంచి కేషియరే, తోటివాళ్లతో కలిసి బ్యాంకు డబ్బుని సొంతానికి వాడుకున్నవాడు. కోర్టు తీర్పు సరైనదే కావచ్చు, కానీ అలాంటి చేతుల్లో క్యాష్ పెట్టిన బ్యాంకు మీద జనానికి మంట పుట్టడం తప్పని నేను అనుకోను. అదే ఏడాది ధరలు పడిపోయి, బ్యాంకు అప్పులు గట్టిగా వసూలు చేసి, రైతుల భూములు పోయాయి. ఆ కోపం తర్వాత అధ్యక్షుడైన జాక్సన్ దాకా నడిచింది.

ఐదు, ఆరు వారాలు అధ్యక్షుడు జాక్సన్, రెండో బ్యాంకు అధిపతి బిడిల్. చార్టర్ గడువు 1836 దాకా ఉన్నా, ఎన్నికల ఏడాది కదా అని జాక్సన్ ప్రత్యర్థులైన సెనేటర్లు క్లే, వెబ్‌స్టర్ తొందరపెడితే బిడిల్ 1832లోనే పొడిగింపు అడిగాడు. బిల్లు రెండు సభల్లో గెలిచింది, జూలై 10న జాక్సన్ వీటో చేశాడు, ఎన్నికల్లో 219 ఎలక్టోరల్ ఓట్లతో (రాష్ట్రాల ప్రతినిధులు వేసే ఓట్లు) నెగ్గాడు, పోటీ చేసిన క్లేకి 49. తర్వాత ప్రభుత్వం డబ్బుని తన పార్టీకి అనుకూలంగా ఉండే బ్యాంకుల్లో పెట్టమన్నాడు. ఖజానా మంత్రి డ్యూయేన్ ఒప్పుకోకపోతే తీసేసి, టానీని పెట్టి పని చేయించాడు. పదవిలో నాలుగు నెలలు కూడా నిండని మనిషి అధ్యక్షుడికి కాదని చెప్పాడంటే నాకు ఆయన మీద గౌరవం కలిగింది.

అక్కడ నేను చెయ్యెత్తి మా నాన్న సంగతి అడిగాను. ఊళ్లో ఒక సొసైటీలో నాన్న వడ్లు అమ్మిన 40,000 వేశారు. బోర్డు మారగానే కొత్తవాళ్లు డిపాజిట్లన్నీ తమవాళ్ల దగ్గరికి మార్చారు. మూడేళ్లు నాన్న తిరగని రోజు లేదు. అక్క పెళ్లి ఆ టెన్షన్‌లోనే జరిగింది. మాస్టారు వేరే మాట కలపకుండా, “డబ్బు కదిపే కాగితం మీద ఎవరి సంతకం ఉందో చూశారామ్మా?” అని అడిగారు. చూడలేదు. ఆ రాత్రి ఇంటికెళ్లి నాన్న పాత పాస్‌బుక్కు, రసీదులు మళ్లీ తీశాను.

లోపాలు ఉన్నాయి. మేడ మీద రేకుల షెడ్డు, పదకొండు దాటితే ఉడికిపోతాం, ఫ్యాను ఒకటే. క్లాసు టైముకి ముగియదు, రెండుసార్లు బస్సు తప్పిపోయి పాతపట్నం వైపు నుంచి వచ్చిన ఆటోలో సగం దూరం, మిల్లు లారీలో సగం దూరం వెళ్లాను. దూరం నుంచి వచ్చే ఆడపిల్లల కోసమైనా ఇది సరిచేయాలి.

పెద్ద లోటు ఇంకొకటి. ప్రభుత్వ భూములు కొనాలంటే వెండి బంగారాలే ఇవ్వాలని జాక్సన్ 1836లో ఉత్తర్వు ఇచ్చాడని చెప్పారు. ఆ ఏడాది సుమారు రెండున్నర కోట్ల డాలర్ల భూమి అమ్ముడైందనీ చెప్పారు. ఆ భూముల్లో చాలా భాగం ఎవరివో ఒక్క వాక్యంలో దాటేశారు. మూలవాసులను తరిమే చట్టం మీద సంతకం పెట్టింది ఇదే జాక్సన్, 1830లో. సవరల కొండలు కిటికీలోంచి కనిపించే ఊళ్లో కూర్చుని ఆ ముక్క దాటేస్తే నాకు మనసొప్పలేదు. 1837లో బ్యాంకులు మూతపడిన కథ కూడా చివరి ఇరవై నిమిషాల్లో పరుగులు పెట్టారు.

ఈ రెండూ ఆయనతో నేరుగానే చెప్పాను. కాసేపు ఆలోచించి, తొమ్మిదో ఆదివారం ఫీజు లేకుండా పెడతానన్నారు, మొదట భూముల సంగతి, తర్వాత 1837. తొమ్మిదిన్నరకి మొదలుపెట్టి పన్నెండుకల్లా వదిలేస్తానని మాట కూడా ఇచ్చారు. కొత్తగా రావాలనుకునేవాళ్లు ఆ రోజు వచ్చి వినొచ్చట. తూర్పు గోడ పక్క బల్ల ఖాళీగా ఉంటే అక్కడ కూర్చోండి, ఫ్యాను గాలి తగిలేది అక్కడే.